ఊరు కట్టిన రోజున పిలిచిన పేరు

ఎచ్చెర్ల వైపు ఒక కాలేజీలో టూరిజం చదువుతున్న పిల్లలు మొన్న నాకు ఫోన్ చేశారు. "మేడమ్, వెళ్లిన చోటికి చెడు చేయకుండా ప్రయాణం చేయడానికి సులువైన సూత్రాలు ఓ పది రాసివ్వండి, గోడ మీద అంటించుకుంటాం" అన్నారు. గోడ మీద అంటించిన సూత్రాలు గోడకే ఉపయోగపడతాయి. అయినా అడిగారు కాబట్టి ముందు ఆ ముచ్చట తీర్చేస్తాను. బస్సు వెళ్లే ఊరికి నలుగురు నాలుగు కార్లలో వెళ్లకండి. నీళ్ల సీసా ఇంటినుంచి పట్టుకెళ్లండి. అక్కడ వండింది తినండి, అక్కడ నేసింది కొనండి. గుడి రాయి మీద మీ ప్రేమకథ చెక్కకండి. తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసకలో లైట్లు వేసి ఫొటోలు తీయకండి. మీ చెత్త మీతోనే వెనక్కి తెచ్చుకోండి. పది కాలేదంటారా? ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటించిన ఒక బస్సు ఒక ఊరికి ఏం చేసిందో చెప్తాను. మిగిలిన సూత్రాలు మీరే రాసుకోండి.

నేను విజయనగరంలో ఒక ప్రైవేటు ట్రావెల్స్‌లో చాలా ఏళ్లు పనిచేసి, ఈ మధ్యనే మోకాళ్లు మొరాయిస్తే మానేశాను. టూర్ కోఆర్డినేటర్ అనేవారు. ఆ పెద్ద పేరుకి అసలు అర్థం, బస్సెక్కినప్పుడు తలలు లెక్కపెట్టడం, కిటికీ సీటు తగవులు తీర్చడం, ఆడవాళ్లకి మరుగుదొడ్డి ఎక్కడుందో ముందే కనుక్కుని ఉంచుకోవడం. చరిత్రలో డిగ్రీ చేసిన దాన్ని కనక దారిలో కనబడిన ప్రతి శిథిలం గురించీ ఉపన్యాసం ఇవ్వాలని మొదట్లో ఉబలాటపడేదాన్ని. వినేవారు కాదు. మరుగుదొడ్డి గురించి మాత్రం శ్రద్ధగా వినేవారు.

మా మేనేజరు నాకంటే చిన్నవాడు, చురుకైనవాడు. ఎక్కడో శిక్షణకి వెళ్లొచ్చి, "మేడమ్, ఇక మనది బాధ్యత గల ప్రయాణం" అన్నాడు. నేను వెటకారంగా, "ఇంతకాలం బాధ్యత లేకుండా తిరిగామా?" అంటే చిన్నబుచ్చుకున్నాడు. కానీ అతను చేసింది మంచి పనే. ప్లాస్టిక్ గ్లాసులు తీసేసి స్టీలువి పెట్టించాడు. అడ్డాకుల విస్తళ్లు తెప్పించాడు. హోటలు భోజనం బదులు వంశధార అవతలి ఒడ్డున ఒక చిన్న పల్లెలో ఒకావిడ ఇంట్లో భోజనం ఏర్పాటు చేశాడు. చోడి అంబలి, అంటే రాగి అంబలే, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కందిపచ్చడి. ముందు శ్రీముఖలింగం చూసుకుని, మధ్యాహ్నానికి ఆ పల్లె చేరి, ఆవిడ అరుగు మీద తిని, సాయంత్రానికి తిరిగి రావడం. అలా నాలుగైదు సార్లు వెళ్లాం.

ఆవిడకి నలభై ఉంటాయి. గట్టిగా నవ్వే మనిషి. నన్ను అప్పా అని, అంటే అక్కా అని పిలిచేది. "ఏటప్పా, మీ పట్నమోల్లకి పల్లు నేవేటి? పనసపొట్టు నములుతుంటే కల్లంట నీల్లెట్టుకుంతన్నారు" అని అందరి ముందూ అనేసేది. ఆవిడ వడ్డిస్తుంటే ఫొటో తీసి, మా మేనేజరు ఫోన్లలో తిరిగే ప్రకటన ఒకటి తయారుచేశాడు. ఫొటో కింద పెద్ద అక్షరాల్లో ఆవిడ పేరు, 'చేతి వంట' అని.

"ఆవిణ్ణి అడిగావా?" అన్నాను.

"నవ్వింది కద మేడమ్ ఫొటోలో."

"నవ్వితే ఒప్పుకున్నట్టా? నువ్వు నన్ను చూసి రోజూ నవ్వుతావు, నేనన్నదానికి ఎప్పుడైనా ఒప్పుకున్నావా?"

అతను దానికీ నవ్వాడు. ఆవిడ పేరు నేను ఇక్కడ రాయను. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక ప్రయాణం పడింది. బయల్దేరే ముందు ఆవిడకి ఫోన్ చేసి ఎంతమంది వస్తున్నామో చెప్పడం మా అలవాటు. ఈసారి ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఆ మాటే మేనేజరుతో అన్నాను.

"సిగ్నలుండదు మేడమ్ అక్కడ."

"సిగ్నల్లేకపోతే మోగదు. మోగుతోంది. ఎత్తడం లేదు."

"పొలంలో ఉంటుంది."

"ఈ ఎండలో, పంటలన్నీ అయిపోయాక, మూడు పూటలా పొలంలో ఏం చేస్తుందయ్యా?"

"మీరు ప్రతిదానికీ వాదిస్తారు మేడమ్. వెళ్లాక ఆవిడే కనబడుతుంది. రానంటే అప్పుడు చూద్దాం."

వాదనలో నేనే గెలిచాను. బస్సు మాత్రం బయల్దేరింది.

ఆ రోజు బస్సులో ఒక బ్యాంకు అధికారి, ఆయన భార్య ఉన్నారు. ఆయనకి పర్యావరణం అంటే ప్రాణం. సగం దారిలో ఎవరో చిప్స్ పొట్లం విప్పితే, ఆ పొట్లం మట్టిలో కలవడానికి ఎన్ని తరాలు పడుతుందో నరసన్నపేట దాటేవరకూ చెప్పాడు. పాపం, చిప్స్ మనిషి ఖాళీ పొట్లాన్ని జేబులో పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. ఎండకి గుడి రాళ్లు కాలతాయని, ముందు పల్లెకెళ్లి తిని, చల్లబడ్డాక శ్రీముఖలింగం చూద్దామని ఆయనే సలహా ఇచ్చాడు. అందరూ సరే అన్నారు.

నది దాటి, గట్టు దిగి, పల్లె మొదట్లోకి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం కావస్తోంది. దారికి అడ్డంగా, రెండు గుంజల మీద కట్టిన ఒక తాటిరాట. దానికి గుత్తులుగా వేపమండలు, ఎర్రగుడ్డ, గుచ్చిన నిమ్మకాయలు. రాట కింద ఈ అంచునుంచి ఆ అంచుదాకా బూడిదగీత.

డ్రైవరు సంబరపడిపోయాడు. "జాతరనాగుంది మేడమ్! ఏట కోస్తారు. మనకి ఇయాల పనసపొట్టు బాధ తప్పింది."

జాతరైతే డప్పు వినబడాలి. మైకు వినబడాలి. ఇంజను ఆపేసరికి ఏమీ వినబడలేదు. కుక్క మొరగలేదు. ఏ ఇంటి మీదా పొగ లేదు. మా వైపు పల్లెల్లో రెండు వరసల పెంకుటిళ్లు ఎదురెదురుగా, ఒకే అరుగు పొడుగునా సాగినట్టు ఉంటాయి; ఎండలో అరుగు మీద ఎవరో ఒకరు పడుకునో, చింతపండు గింజలు తీస్తూనో కనబడతారు. ఇవాళ ఆ అరుగులన్నీ కడిగేసినట్టు ఖాళీ. తలుపులన్నీ మూసి ఉన్నాయి. ప్రతి గుమ్మం ముందూ ఒక బిందె బోర్లించి ఉంది. వీధి మధ్య ఎండ తెల్లగా నిలబడి ఉంది.

నాకప్పుడు మా అమ్మమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. ఊరికి ఏదైనా కీడు పట్టిందనుకుంటే పెద్దలు ఒక రోజు ఊరు కడతారు. నాలుగు దిక్కులా రాటలు వేస్తారు. తెల్లవారినప్పటినుంచి దీపాలు పెట్టేదాకా లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. పొయ్యి వెలిగించకూడదు. చిన్నప్పుడు విని భయపడి, పెద్దయ్యాక విని నవ్వుకున్న సంగతి.

"వెనక్కి తిప్పు" అన్నాను డ్రైవరుతో. "ఇవాళ ఈ ఊరు కట్టేశారు."

ఆ మాట నోట్లో ఉండగానే బ్యాంకాయన రాట కిందనుంచి వంగి దూరేశాడు. "ఆవిడ ఇల్లు ఎక్కడో చెప్పండి. ఒక్కసారి పిలిచి చూద్దాం, ఇంతదూరం డీజిలు తగలేసి వచ్చాం" అంటూ ఫోన్లో మా ప్రకటన తెరిచి చూసుకుంటూ వీధిలోకి నడిచాడు. "రండి వెనక్కి!" అని అరిచాను. చెయ్యూపాడు. కాస్త దూరం వెళ్లి, ఆవిడ పేరు గట్టిగా పిలిచాడు. ఇంకొంచెం నడిచి మళ్లీ పిలిచాడు. మూడోసారి పిలిచినప్పుడు, ఊరి చివర మలుపు దగ్గర మాకు కనబడకుండా పోయాడు.

ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

వేపమండల నీడ గీత మీదనుంచి జరిగేదాకా చూశాం. ఆయన రాలేదు. ఆయన భార్య రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. బస్సులో మాటలు ఒక్కొక్కటీ ఆగిపోయాయి.

అప్పుడొచ్చింది ఒక ముసలామె. ఏ తలుపు తీసుకుని వచ్చిందో మేం చూడలేదు. మాకు వీపు పెట్టి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ రాట దాకా వచ్చి నిలబడింది. జుట్టంతా తెల్లగా ముడి. ముఖం చూపించలేదు.

"ఓ రాటా!" అంది. "ఇంతన్నావా? బయటున్నోల్లకి సెప్పు. ఊరు కట్టేసినాం అని సెప్పు."

"తెలియక వచ్చామమ్మా" అన్నాను.

"రాటా, ఆ అమ్మకి నాతో మాటాడొద్దని సెప్పు. కావలిస్తే నీతో మాటాడమను."

బస్సులోంచి అందరూ చూస్తుండగా నేను ఒక తాటిరాటతో మాట్లాడాను. "ఓ రాటా, మా మనిషొకాయన లోపలికి వచ్చాడు. ఆయన్ని పంపించేస్తే మా దారిన మేం పోతామని చెప్పు."

"ఎలాగ పంపుతాం? దీపాలేల దాకా ఎవులూ దాటరాదు. ఊరికే ఒచ్చినా పోనీలే అందుము. పిలిసినాడే! పేరెట్టి పిలిసినాడు. మూడు పిలుపులు." ఆమె గొంతు సన్నబడింది. "రాటా, ఆల్లకి తెలీదు గావాల. ఈ ఏడు ఈ ఊల్లో సచ్చినోల్లందర్నీ ముందుగాల ఈదిలోంచి ఎవులో పేరెట్టి పిలిసినారు. ఆల్లు ఓయ్ అని పలికినారు. బయటికొచ్చి సూస్తే ఎవులూ నేరు. మూడో నాటికి మనిసి నేడు. ఆల్లకి వండెట్టీ ఆ పిల్ల మరిది అలాగే పోనాడు. ఇప్పుడు దాన్ని పిలిసినాడు ఆల్లోడు. కట్టిన ఊల్లో పిలిసినాడు."

నా వెనక బస్సులో ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆ చిన్న చప్పుడుకే నేను ఉలిక్కిపడ్డాను.

మేనేజరుకి ఫోన్ చేశాను. "పోలీసుల్ని పిలవండి మేడమ్, మనిషిని బంధించారు" అన్నాడు.

"ఎవరూ బంధించలేదు. గీత దాటి ఆయనే వెళ్లాడు. పోలీసులొచ్చి ఈ రాట పీకేస్తే, రేపు ఈ ఊళ్లో ఎవరికి తలనొప్పి వచ్చినా ఆవిడ వల్లే అంటారు. వచ్చింది ఆవిడ అతిథులం. ఆవిడ ఈ ఊళ్లోనే బతకాలి, నువ్వూ నేనూ కాదు."

"మరేం చేద్దాం?"

"బస్సు శ్రీముఖలింగం వెళ్తుంది. నేను లోపలికి వెళ్లి ఆయనతో పాటు దీపాలు పెట్టేదాకా కూర్చుంటాను."

ఆయన భార్యని కూడా లోపలికి వస్తారా అని అడిగాను. ఆవిడ కళ్లు తుడుచుకుని, రాట వంకా, నిశ్శబ్దంగా ఉన్న ఆ వీధి వంకా చూసి, "దీపాలు పెట్టాక వదిలేస్తారు కదండీ? అయితే ఎలాగూ ఇంతదూరం వచ్చాను, దర్శనం చేసుకుని వచ్చేస్తాను" అంది. పాతికేళ్ల కాపురం చేసిన మనిషి. ఆవిడ లెక్కలు ఆవిడకి ఉంటాయి.

రాట కింద దూరి గీత దాటాను. నేను దాటగానే ముసలామె ఇటు తిరిగింది. "ఇంక నువ్వూ కట్టులోకి ఒచ్చీసినావు. మాటాడొచ్చు." ఆ ముఖంలో భయపడాల్సింది ఏమీ లేదు. పెళ్లిళ్లలో పసుపు కొట్టే ఏ పెద్దమ్మ ముఖమైనా అలాగే ఉంటుంది. అదే నాకు నచ్చలేదు. ఏ దెయ్యపు మొహమో అయితే వాదించడానికి వీలుండేది.

వీధిలో నడుస్తుంటే ప్రతి మూసిన తలుపు వెనకా మనుషులున్నారని తెలుస్తోంది. ఒక చోట గాజుల చప్పుడు. ఒక చోట ఏడవబోయిన పసిపిల్ల నోటిని ఎవరో అదిమినట్టు, సగంలో ఆగిపోయిన రాగం. చెక్కల సందుల్లోంచి కళ్లు. నా చెప్పుల చప్పుడు నాకే పెద్దగా వినబడి, విప్పి చేత్తో పట్టుకున్నాను. నేల కాలింది.

బ్యాంకాయన మలుపు దగ్గర ఒక అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఫోన్ ఉంది, దాన్ని చూడటం లేదు. నేను పక్కన కూర్చున్నా ముఖం తిప్పలేదు.

"ఫోన్ ఎత్తలేదేం? మీ ఆవిడ కంగారుపడింది."

"పలికారు మేడమ్" అన్నాడు.

"ఎవరు?"

"మూడోసారి పిలిచినప్పుడు. ఆ చివరింట్లోంచి. 'ఓయ్, వస్తన్నాను' అని. ఆడగొంతు. హమ్మయ్య, ఉంది కదా అనుకుని వెళ్లాను." చివరి ఇంటివైపు చూపుడువేలు కొంచెం ఎత్తి, వెంటనే దించేశాడు. "తలుపుకి బయట తాళం ఉంది. తాళానికి తుప్పు. కిటికీ చెక్కలు కూడా కొట్టేసి ఉన్నాయి."

"ఆవిడ ఇల్లు అది కాదు. మీరు దాటి వచ్చేశారు. ఆవిడ ఇల్లు వీధి మధ్యలో ఉంది. ఎవరో పిల్లలు ఆటపట్టించి ఉంటారు."

"అదే అనుకుందామని చూస్తున్నాను" అన్నాడు.

అంతలో వీధి మధ్య ఇంట్లో ఫోన్ మోగింది. ఏదో అమ్మవారి పాట. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఆ నిశ్శబ్దంలో ఆ పాట ఊరంతా వినబడుతోంది. ఆ తలుపు వెనక ఏదో కింద పడింది. ముసలామె నా వైపు చూసింది.

"ఇదీ పిలుపే గదా" అంది. "మొన్నటాల నుండీ పిలుస్తంది. ఎవులు పిలుస్తన్నారో దానికి తెలీదు. అచ్చరాలు సదవలేదు అది. బిక్కసచ్చిపోతంది."

నేను మేనేజరుకి మెసేజి పెట్టాను: ఆవిడకి ఫోన్ చేయడం ఆపు. పాట ఆగిపోయింది. మొన్నటినుంచీ పిలుస్తున్నది నేనూ, అతనూ.

ముసలామె ఒక చెంబుతో నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టింది. నేను తాగి, నా వాదన మొదలుపెట్టాను. ఊరుకోలేను కదా.

"అమ్మా, ఈ చావులు గుండెజబ్బులై ఉండొచ్చు. నీళ్లలో ఏదైనా ఉండొచ్చు. డాక్టర్లకి చూపించాలి గానీ..."

"సూపించినాం. ఒచ్చినారు. రగతం తీసుకెల్లినారు, నీల్లట్టుకెల్లినారు. ఏటీ నేదన్నారు. ఆల్ల పని ఆల్లు సేసినారు. మా పని మాం సేస్తన్నాం. ఇందల నీకొచ్చిన కట్టమేటి?"

"దెయ్యాలున్నాయంటే నేను నమ్మను."

"నమ్మొద్దు. దెయ్యమంటే ఏటనుకున్నావు నువ్వు? ఎవులూ రమ్మనకండా ఒచ్చీసి, మన పేరెట్టి పిలిసీదే గదా."

నా మెడలో కంపెనీ కార్డు వేలాడుతోంది. దాని మీద మా ట్రావెల్స్ గుర్తు, ఆకుపచ్చ ఆకు బొమ్మ. ఆ తలుపుల సందుల్లోంచి చూస్తున్న కళ్లకి ఈ రోజు ఆ దెయ్యాలు ఎవరో అప్పుడు అర్థమైంది. కార్డు తీసి సంచిలో వేసుకున్నాను.

"ఇంతకీ ఇప్పుడు దీనికి విరుగుడు?" అన్నాను.

"ఉన్నాది. పిలిసినోడు, పిలిసిన సోటే నిలబడి, తన పేరు తాను మూడుసార్లు పిలుసుకోవాల. దాని పేరుకి మారు ఈడి పేరిచ్చినట్టు. అప్పుడా పిలుపు దాన్ని ఒదిలీసి పోతాది."

ఇంతేనా అనుకున్నాను. బ్యాంకాయన హేతువాది. ఇంట్లో పూజగది కూడా లేదని బస్సులో చెప్పాడు. "లేవండి, మీ పేరు మూడుసార్లు అనేయండి, ఆవిడ ప్రాణం కుదుటపడుతుంది. మీకు పోయేదేముంది?" అన్నాను.

"అవును, పోయేదేముంది" అంటూ లేచాడు. వీధి మధ్యకి వెళ్లి, ఎండలో, చివరింటివైపు తిరిగి నిలబడ్డాడు. నీడ పాదాల కిందే ఉంది. గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు.

మాట రాలేదు.

మళ్లీ తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. పెదవులు ఆయన పేరులోని మొదటి అక్షరం ఆకారంలో అలా ఆగిపోయాయి. ఊరంతా చెక్కల సందుల్లోంచి చూస్తోంది. ఆయన నోరు మూసుకుని, తల దించుకుని, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"చెప్పలేను మేడమ్."

"ఎందుకని?"

"నా పేరు పిలుస్తాను. అక్కడినుంచి ఎవరైనా పలికితే?"

"పోనీ నా పేరు చెప్తాను" అని లేచాను.

ముసలామె కొంగు పట్టి కూర్చోబెట్టింది. "నీ పేరు నాకేటికే? పిలిసినోడిదే కావాల." బ్యాంకాయన వంక చూసి, "సరే. అయితే దాని పేరే పోవాల" అంది. ఆ మాటకి అర్థం నేను అడగలేదు. మధ్యాహ్నమంతా మేమిద్దరం ఆ అరుగు మీద కూర్చున్నాం. ఆయన ఒక్కసారి కూడా చివరింటివైపు వీపు పెట్టలేదు.

పొద్దు వాలాక ఒక గుమ్మంలో దీపం పెట్టారు. తర్వాత పక్క గుమ్మంలో. అలా వరసగా వీధి చివరిదాకా. తలుపులు తెరుచుకున్నాయి. మనుషులు బయటికి వచ్చారు, మా వంక చూడకుండా బిందెలు తిరగేసుకున్నారు. ఆవిడ తలుపు అందరికంటే ఆఖరున తెరుచుకుంది.

ఎప్పుడూ నవ్వే మనిషి. ముఖం బూడిదలా ఉంది. నన్ను చూసి, "నాను పలకనేదప్పా" అంది మొట్టమొదట. "పిలిసినప్పుడు నోట్లో కొంగు కుక్కీసుకున్నాను. మా అత్త నా సెవులు మూసీసినాది. పలకనేదు. ఒట్టు."

నా వెనక బ్యాంకాయన అరుగు అంచు పట్టుకున్నాడు. పలికింది ఎవరో ఆయన అడగలేదు, నేనూ అడగలేదు.

ముసలామె కొత్త కుండ ఒకటి తెప్పించింది. కుండ మూతికి నోరు ఆనించి ఆవిడ పేరు ఒక్కసారి అంది. లోపల గుయ్యిమంది. వెంటనే మూతికి పసుపుగుడ్డ కట్టేసింది. ఇద్దరు మగవాళ్లు దాన్ని వంశధార వైపు తీసుకుపోయారు, వెనక్కి చూడకుండా. తర్వాత ముసలామె ఆవిణ్ణి దగ్గరికి లాక్కుని చెవిలో ఏదో చెప్పింది. ఆవిడ తలూపింది. ఇక ఆ పేరుతో ఆవిణ్ణి ఎవరూ పిలవకూడదు. మొగుడు కూడా. పుట్టినప్పుడు తండ్రి పెట్టిన పేరట. నదికి ఇచ్చేశారు.

ఆవిడ చెంపలు తుడుచుకుని, "ఆకలేసిందా అప్పా? ఇప్పుడే పొయ్యెలిగిస్తాను, అంబలి కాస్తాను" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. వద్దంటే బాధపడుతుందని కూర్చుని తాగాను. బ్యాంకాయన కూడా తాగాడు. గుడి చూసుకుని బస్సు మా కోసం వచ్చింది. తిరుగుదారిలో ఎవరో బిస్కట్ పొట్లం విప్పారు. ఆయన ఏమీ అనలేదు.

మర్నాడు ఆఫీసులో మేనేజరు విషయమంతా విని, కళ్లు మెరిపిస్తూ, "మేడమ్, కట్టేసిన ఊరు! దీన్నే ఒక ప్యాకేజీ చేస్తే?" అన్నాడు. నేను అతన్ని ఏమన్నానో రాస్తే ఇది పిల్లలు చదివేది కాకుండా పోతుంది. ఆ ప్రకటన తీయించేదాకా కుర్చీలోంచి లేవలేదు. అతను తీసేశాడు. అయితే ఫోన్లలో తిరిగేదాన్ని ఎవరు తీయగలరు? ఆవిడ ఫొటో, నదిలో కలిపేసిన ఆ పేరుతో సహా, ఇప్పటికీ ఎవరో ఎవరికో పంపుతూనే ఉన్నారు. పేరు లేని మనిషి కాదు గానీ, మనిషి లేని పేరొకటి అలా తిరుగుతోంది.

కాబట్టి పిల్లలూ, గవ్వలు ఏరుకోకండి, రాళ్లు తెచ్చుకోకండి అని మీకు చెప్తారు. సరే, తేకండి. మేం గవ్వ ముట్టలేదు. స్టీలు గ్లాసులతో వెళ్లి, అడ్డాకుల్లో తినబోయి, ఒక్క కాగితం ముక్క కూడా పారేయకుండా, ఒకావిడ పేరు పట్టుకొచ్చేశాం. మీరు రావచ్చా అని అడగండి. అడిగితే జవాబు వచ్చేదాకా ఆగండి. ఫోన్ ఎత్తకపోవడం కూడా జవాబే. చెవిటివాళ్లు కూడా వినగలిగిన జవాబు అది. దారికి అడ్డంగా వేపమండ కనబడితే బస్సు వెనక్కి తిప్పండి. తిప్పడానికి అయ్యే డీజిలే అన్నిటికంటే బాధ్యత గల డీజిలు. ఆ చావుల సంగతి అడుగుతారేమో. ఆ తర్వాత ఆ ఊళ్లో అలాంటివి జరగలేదని విన్నాను. ఎండాకాలం కూడా అప్పుడే అయిపోయింది. మీకు ఏది నచ్చితే అది పెట్టుకోండి, నేను రెండిటితోనూ వాదించి అలిసిపోయాను.

ఈ మధ్య శ్రీకాకుళం బస్టాండులో ఆవిడ కనబడింది. పనసకాయల బుట్ట పక్కన పెట్టుకుని, నాకు వీపు పెట్టి నిలబడి ఉంది. సంతోషంతో నోరు తెరిచాను. ఆ పాత పేరు నాలిక చివరిదాకా వచ్చింది. గబుక్కున నోరు మూసుకుని, ఈ మోకాళ్లతో కుంటుకుంటూ, జనాన్ని తోసుకుంటూ వెళ్లి భుజం మీద చెయ్యి వేశాను.

"ఓలమ్మా, అప్పా! నువ్వేటి? అలా పరుగెట్టుకొచ్చీకపోతే ఓ కేకెయ్యలేకపోనావా?"

"ఏమని వెయ్యను?"

ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, పాత నవ్వు నవ్వింది. పక్కవాళ్లు తిరిగి చూశారు.

"ఇప్పుడు నీ పేరేంటమ్మా?" అన్నాను.

"సెప్పను" అంది. "సెప్తే మల్లా ఫోన్లల్ల ఎట్టీగలవు."

బస్సు వచ్చింది. బుట్ట ఎక్కించడానికి సాయం పట్టాను. ఆవిడ మెట్టు మీద కాలు పెట్టేసరికి లోపలినుంచి ఎవరో సీటు పట్టి ఉంచామని చెప్పడానికి ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచారు. ఆవిడ పలకలేదు. మెట్టు మీదే ఆగి, మెడ సాచి, పిలిచింది ఎవరో వెతికింది. ముఖం కనబడి, మనిషిని పోల్చుకుని, అప్పుడు పలికింది.

ఆ కొత్త పేరు నాకు వినబడింది. ఇక్కడ రాయను.